తొలి పుట్టినరోజుకి ఏం పట్టుకెళ్ళాలి?

స్నేహితుల బిడ్డ తొలి పుట్టినరోజు. ఫంక్షన్ హాలు, బెలూన్ల తోరణం, నిద్ర ముంచుకొచ్చి ఏడుస్తున్న బిడ్డ. పక్కన బల్ల మీద రంగు కాగితాలు చుట్టిన డబ్బాల గుట్ట. అందులో ఏముంటాయో విప్పకుండానే చెప్పేయొచ్చు. బిడ్డకంటే పెద్ద టెడ్డీ, పాటలు పాడే ప్లాస్టిక్ ఫోను, ఒకటికి రెండు వాకర్లు, నాలుగు నెలల్లో పొట్టైపోయే గౌన్లు. ఇచ్చినవాళ్ళ ప్రేమలో లోటేమీ లేదు. లోటంతా ఎంచుకున్న తీరులోనే. కొనేటప్పుడు మన కళ్ళముందు ఆ ఒక్క సాయంత్రమే ఉంటుంది. బిడ్డ ముందున్నది మాత్రం ఆ తర్వాతి పన్నెండు నెలలు.

మన పెద్దవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ఊరూరికీ మాట కాస్త మారుతుంది కానీ పద్ధతి ఒకటే. ఆ వేడుకలకి తేదీ లేదు. బిడ్డ ఏదో కొత్తగా చేసింది, ఇల్లు దానికి పండగ చేసింది, అంతే. పుట్టినరోజు కానుక కూడా అలాగే కొనాలన్నది నా వాదన. బిడ్డ ఇవాళ ఏం చేస్తోంది, రేపోమాపో ఏం చేయబోతోంది, అది చూసి కొనాలి. వేదిక మీద ఫొటోలో ఎలా పడుతుందో చూసి కాదు.

ఏడాది నిండిన బిడ్డ చేసే పనులు మూడే మూడు, కానీ రోజంతా చేస్తుంది. మొదటిది, మంచం పట్టుకునో గోడ పట్టుకునో లేచి నిలబడుతుంది. కొందరు అప్పటికే నడుస్తుంటారు, కొందరు ఇంకా దోగాడుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఎవరి ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది, కాబట్టి ఇద్దరూ సరైన దారిలోనే ఉన్నట్టు. రెండోది, డబ్బాలో వేస్తుంది, తీస్తుంది, మళ్ళీ వేస్తుంది. మూడోది, నేలమీద పడ్డ ఒక్క అటుకునైనా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నోట్లో పెట్టేస్తుంది. కానుక ఈ మూడు పనుల్లో మొదటి రెంటికీ పనికిరావాలి, మూడోదానికి దొరక్కూడదు.

అందుకే కొనేముందు తల్లిదండ్రులకి ఫోను చేయండి. కానీ "ఏం కావాలి?" అని అడక్కండి. "అయ్యో, ఏమీ వద్దు, మీరొస్తే చాలు" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. "పట్టుకుని నిలబడుతున్నాడా? ఏ వస్తువు దొరికితే ఎక్కువసేపు ఆడుకుంటున్నాడు?" అని అడగండి. వంటింట్లో మూతలు లాగుతున్నాడనో, చెప్పుల స్టాండు దగ్గర్నుంచి కదలట్లేదనో గబగబా చెప్పేస్తారు. మీకు కావలసింది ఆ సమాచారమే.

ఇక గొంతులో అడ్డుపడే సంగతి. కొలత పట్టి చూసుకోగలిగినది కాబట్టి దీన్ని కంటి అంచనాకి వదలకూడదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు. దాని అడ్డుకొలత 31.7 మి.మీ. బొమ్మ కానీ, దాన్నుంచి ఊడే భాగం కానీ ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది ఆ వయసుకి పనికిరానట్టే. ఇంట్లోనే చేసుకోవచ్చు. పెళ్ళిపత్రికలాంటి మందపాటి అట్టని ఆరు సెంటీమీటర్ల వెడల్పున పట్టీగా కత్తిరించండి. చుట్టుకొలత సరిగ్గా 10 సెంటీమీటర్లు వచ్చేలా గుండ్రంగా చుట్టి టేపు వేయండి. అడ్డుకొలత దాదాపు 31.8 మి.మీ. వస్తుంది. దుకాణంలో ఉన్నపళంగా చూడాలంటే జేబులో పది రూపాయల నాణెం ఉంటే చాలు. దాని అడ్డుకొలత 27 మి.మీ. కాబట్టి దానికంటే కొద్దిగా పెద్దదే అయినా ఏ ముక్కనీ నమ్మకండి.

బంతులకి ఇంకా కఠినమైన కొలత ఉంది. గుండ్రటిది గొంతుని పూర్తిగా మూసేస్తుంది, గాలి పోవడానికి సందు ఉండదు. చిన్నపిల్లల బంతి 44.5 మి.మీ. కంటే పెద్దదై ఉండాలి. టేబుల్ టెన్నిస్ బంతి 40 మి.మీ. మాత్రమే, అంటే అదీ పనికిరాదు. గల్లీ క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి పరవాలేదు. రెండు చేతులా పట్టుకోవలసి వచ్చే 15 సెంటీమీటర్ల మెత్తటి బంతి ఇంకా మేలు. కొలత చూశాక బొమ్మని గట్టిగా లాగండి, మెలిపెట్టండి, నడుము ఎత్తు నుంచి నాలుగుసార్లు నేలమీద పడేయండి. చక్రం, కన్ను, తోక ఏది ఊడినా ఆ ముక్కని మళ్ళీ గొట్టంలో వేసి చూడండి. బొమ్మకి తాడుంటే జానెడు మించకూడదు. మించితే మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంటుంది.

బిళ్ళ బ్యాటరీ ఉన్న బొమ్మ అసలు వద్దని నేను గట్టిగా చెబుతాను. రిమోట్లలో, వెలుగుతూ మోగే బొమ్మల్లో ఉండే ఆ 20 మి.మీ. బిళ్ళ మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి తగలగానే దాని చుట్టూ కరెంటు పారి, అక్కడ క్షారం పుట్టి కండని కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. బ్యాటరీ అయిపోయింది కదా అనుకోవడానికి వీల్లేదు, వాడి పారేసినదానిలోనూ అంత పని చేసే శక్తి మిగిలే ఉంటుంది. మింగిందన్న అనుమానం వచ్చినా రేపటిదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి పరుగెత్తాలి. చిన్న అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే పేగుల మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి చిల్లు పెడతాయి. ఎవరైనా ఇచ్చిన బొమ్మలో బ్యాటరీ ఉంటే దాని మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. గోరుతో తెరుచుకునే మూతైతే అది పిల్లల వస్తువు కాదు.

కంపెనీ బొమ్మ కొంటే డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు వెతకండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలన్నిటికీ అది తప్పనిసరి. గుర్తు దగ్గర ఐఎస్ 9873 అనో, కరెంటు, బ్యాటరీ బొమ్మలైతే ఐఎస్ 15644 అనో ఉంటుంది. కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరుని, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థవాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో తెలుస్తుంది. గుర్తు ఉండి నంబరు లేకపోతే ఆ గుర్తుని లెక్కలోకి తీసుకోకండి. ఫలానా ఊరి వస్తువని భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన హస్తకళల బొమ్మలకీ, నమోదైన చేతిపనివాళ్ళ బొమ్మలకీ ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఐఎస్ఐ లేదని పక్కన పెట్టేయక్కర్లేదు.

ఏటికొప్పాక పేరు ఎత్తాను కాబట్టి చెబుతాను, ఈ వయసు బిడ్డకి తెలుగునాట దొరికే వాటిలో నా మొదటి ఎంపిక అదే. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడి బొమ్మ అంకుడు కర్రతో చేస్తారు. మెత్తటి కర్ర, నునుపుగా తెగుతుంది, పెద్దగా పేళ్ళు లేవవు. ఆరబెట్టిన కర్రని లేత్ మిషనుకి బిగించి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. ఆకారం వచ్చాక, కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. వెంటనే మొగలి ఆకు అదిమి పడితే పూత సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఇందులో బ్రష్షు లేదు, టర్పెంటైను లేదు. పసుపు రంగు పసుపు నుంచి, నారింజ జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి తీసే పద్ధతిని అక్కడ మళ్ళీ నిలబెట్టడానికి సి.వి. రాజు ఏళ్ళ తరబడి పనిచేశారు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్క అంటే భయపడేవాళ్ళకి ఒక మాట: మందుబిళ్ళల మీద పూతగా వాడేదీ లక్కే.

అయితే అక్కడ తయారయ్యే ప్రతి బొమ్మా ఏడాది బిడ్డకి పనికొస్తుందని కాదు. లక్కపిడతల సెట్టు ఎంత ముద్దొచ్చినా అందులోని చిన్న గరిటెలు, మూతలు, పిడతలు మన గొట్టంలో ఇమిడిపోతాయి. దాన్ని మూడేళ్ళు నిండాక ఇవ్వండి. గిలక్కాయ ఇవ్వాలంటే ఇప్పటికే ఆలస్యమైంది, అది నాలుగైదు నెలల బిడ్డ వస్తువు. ఏడాదికి సరిపోయేది కొయ్యకి తొడిగే ఐదారు చక్రాల బొమ్మ. మొదట్లో బిడ్డ చక్రాలు తీయడమే చేస్తుంది, వరసగా తొడగదు. ఏడాదిన్నర దాటాక తొడగడం, రెండేళ్ళప్పుడు పెద్దదీ చిన్నదీ పోల్చడం వస్తాయి. ఒక్క బొమ్మ ఏడాదంతా పనిచేస్తుందంటే అర్థం అదే. కొనేటప్పుడు మధ్య కొయ్య సంగతి చూడండి. సన్నగా, కొనదేలి ఉంటే బిడ్డ దానిమీద పడినప్పుడు కంటికో అంగిలికో గుచ్చుకుంటుంది. పొట్టిగా, లావుగా, మొన గుండ్రంగా ఉన్నది తీసుకోండి. అన్నిటికంటే చిన్న చక్రం కూడా ఐదు సెంటీమీటర్లు ఉండాలి.

సహజ రంగులేనా అని అమ్మేవాళ్ళని నేరుగా అడగండి, అన్ని దుకాణాల్లో అన్నీ అవే ఉండవు. తెల్లటి గుడ్డ తడిపి అర నిమిషం రుద్దండి. రంగు అంటితే బిడ్డ నోట్లోనూ అంటుతుంది. అంచుల దగ్గర పూత పెచ్చులుగా లేచి ఉంటే అది వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి అనే ప్రభుత్వ హస్తకళల దుకాణాల్లోనూ, హస్తకళా మేళాల్లోనూ ఇవి దొరుకుతాయి.

కొండపల్లి, నిర్మల్ బొమ్మల్ని నేను ఈ వయసుకి వద్దంటాను, వాటిమీద గౌరవం తక్కువై కాదు. కొండపల్లి బొమ్మని తెల్ల పొణికి కర్రలో భాగాలు భాగాలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు తొండం, రైతు భుజం మీద నాగలి ఏడాది బిడ్డ చేతిలో ఒక్క పూట కూడా నిలవవు. బొమ్మల కొలువులో పెట్టుకునే ఇంటికి అది అందమైన కానుక. అలా ఇవ్వదలిస్తే తల్లిదండ్రుల పేరు మీద ఇవ్వండి.

వాకర్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువమంది మంచి కానుక అనుకుని కొనేది అదే. చుట్టూ చక్రాలుండి, మధ్యలో బిడ్డని కూర్చోబెట్టే వాకర్ అమ్మకాన్ని కెనడా 2004లోనే నిషేధించింది. అందులో కూర్చున్న బిడ్డ సెకనుకి మూడడుగులకు పైగా దూసుకుపోగలదు. పక్కనే ఉన్న పెద్దవాళ్ళు చేయి చాచేలోపు మెట్ల అంచుకో, గడప దగ్గరికో, నేలమీద దించిన సాంబారు గిన్నె దగ్గరికో చేరిపోతుంది. నడక త్వరగా వస్తుందన్నదీ నిజం కాదు. కాలివేళ్ళతో నేలని తన్నడం నేర్చుకుంటుందే తప్ప, పడబోయి నిలదొక్కుకోవడం నేర్చుకోదు.

దాని బదులు వెనక నిలబడి తోసుకెళ్ళే చెక్కబండి ఇవ్వండి. పాత రోజుల మూడు చక్రాల బండి తోబుట్టువే అది, నాలుగు చక్రాలది ఇంకా కుదురుగా ఉంటుంది. దుకాణంలో ఒక్క పరీక్ష చేస్తే చాలు. పిడి మీద అరచేయి పెట్టి కిందికి గట్టిగా నొక్కండి. ముందు చక్రాలు పైకి లేస్తే దాన్ని అక్కడే వదిలేయండి. బిడ్డ పిడి పట్టుకుని లేవబోయినప్పుడు బండి వెనక్కి తిరగబడి మొహం మీద పడుతుంది. వెనక చక్రాల ఇరుసు కంటే పిడి బాగా వెనక్కి వాలి ఉన్న బండ్లన్నిటిలోనూ ఈ లోపం ఉంటుంది. పిడి ఎత్తు నలభై, నలభై ఐదు సెంటీమీటర్లు ఉంటే బిడ్డ ఛాతీకి సరిపోతుంది. గ్రానైట్, టైల్స్ నేల మీద చెక్క చక్రాలు జారిపోతాయి కాబట్టి చక్రాలకి రబ్బరు పట్టీ ఉందో లేదో చూడండి. మొదటి వారాల్లో బండి తొట్టిలో రెండు కిలోల బియ్యం ప్యాకెట్టు పెట్టమని చెప్పండి. బరువుకి బండి నెమ్మదిస్తుంది, బిడ్డ అడుగు దానితో కలుస్తుంది.

తక్కువ ఖర్చులో ఏం కొనాలి అంటే, సందేహం లేకుండా స్టీలు గిన్నెలు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఐదు గిన్నెలు, అంచు బయటికి మడిచినవి, చిన్నది ఆరు సెంటీమీటర్ల పైన ఉన్నవి. వాటితో పాటు ఒక మూత డబ్బా, ఒక టెన్నిస్ బంతి. వేయడం, తీయడం, మూత పెట్టడం, మోగించడం, నీళ్ళు పోసుకోవడం అన్నీ ఇందులోనే ఉన్నాయి. అంచు మడవని చవకరకం గిన్నె వేలు కోస్తుంది, వేలితో చుట్టూ తడిమి చూసి తీసుకోండి. రెండేళ్ళ తర్వాత అవి వంటింట్లోకి వెళ్ళిపోతాయి, వృథా కావు.

చేత్తో చేసి ఇచ్చే ఓపిక ఉంటే ఫొటోల పుస్తకం కంటే గొప్ప కానుక నాకు తోచదు. ముఖ్యంగా అమ్మమ్మ గుంటూరులో, నానమ్మ కరీంనగర్‌లో ఉండి, బిడ్డ బెంగళూరులోనో డాలస్‌లోనో పెరుగుతుంటే. ఏడాది బిడ్డకి మాటలు రాకపోయినా పేర్లు తెలుస్తుంటాయి. "తాత ఏడీ?" అంటే వేలు చూపించే రోజులివి. పది ఫొటోలు చాలు. పేజీకి ఒకే మొహం, వెనక గందరగోళం లేకుండా: అమ్మమ్మ, తాత, నానమ్మ, బాబాయి, పిన్ని. ఆ తర్వాత ఇంటి ముందు ఆవు, పాల గ్లాసు, బంతి. 4×6 అంగుళాల సైజులో ప్రింటు తీయించి, రెండేసి ఫొటోలు వీపులు కలిపి అతికించండి. జెరాక్స్ షాపులో 125 మైక్రాన్ల కవరుతో లామినేషన్ చేయించండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఫొటో అంచు వెంబడే కత్తిరిస్తే రెండు ప్లాస్టిక్ పొరల మధ్యకి చొంగ దిగి, వారంలో పొర లేస్తుంది. లేచిన పొరని బిడ్డ పళ్ళతో లాగుతుంది. చుట్టూ కనీసం అర సెంటీమీటరు ఉత్త ప్లాస్టిక్ వదలాలి, ఎడమవైపు రెండు సెంటీమీటర్లు వదలాలి. కత్తిరించిన మూల కత్తిలా ఉంటుంది కాబట్టి ప్రతి మూలనీ రూపాయి నాణెం పెట్టి గీసి గుండ్రంగా కత్తిరించండి. ఎడమ అంచులో, చివరి నుంచి సెంటీమీటరు లోపలికి రెండు రంధ్రాలు చేసి నూలు నాడాతో గట్టిగా ముడేయండి. ముడి బయట తోకలు రెండు సెంటీమీటర్లు మించకూడదు. స్పైరల్ తీగ వద్దు, దాని కొన గుచ్చుకుంటుంది. ప్రతి ఫొటో కింద ఇంట్లో పిలిచే పేరే రాయండి. వాళ్ళింట్లో "తాతయ్య" అంటే "తాతయ్య", "పెదనాన్న" కాకుండా "పెద్దనాన్న" అంటే అదే.

కొన్న పుస్తకమైతే అట్ట పేజీలది ఉండాలి. తెలుగులో బొమ్మల పుస్తకాలు తూలిక, ప్రథమ్, మంచి పుస్తకం లాంటి సంస్థలు బాగానే వేస్తున్నాయి కానీ ఎక్కువభాగం పలచటి కాగితం మీదే. అవి కొనిస్తే తప్పులేదు, బిడ్డ చేతికివ్వకుండా పెద్దవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూపించాలని చెప్పండి. చిరిగిందని బిడ్డని కోప్పడే పరిస్థితి తెచ్చే కానుక బిడ్డకి మేలు చేయదు.

బట్టలు కొనేవాళ్ళు ఒక లెక్క చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఏడాది ఆడపిల్ల సగటు పొడవు 74 సెం.మీ., రెండేళ్ళకి 86 దాటుతుంది. అంటే పన్నెండు నెలల్లో పన్నెండు సెంటీమీటర్లు. పుట్టినరోజు గౌను తల్లిదండ్రులు ఎలాగూ కొంటారు. మీరు 18–24 నెలల సైజులో, వచ్చే పండక్కి పనికొచ్చేది కొనండి. జూన్‌లో పుట్టినరోజైతే సంక్రాంతి చలిని తలుచుకుని కొనాలి. పట్టులంగా అయితే జరీ ఒంటికి తగలకుండా లోపల నూలు లైనింగు ఉండాలి.

బంగారు ఉంగరం ఏడాది బిడ్డ వేలికి ఉంటే అది నోట్లోకి వెళ్ళే వస్తువే. పైగా రెండు గ్రాముల లోపు నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కాబట్టి గ్రాము ఉంగరం మీద హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య, లేకుండానే అమ్మొచ్చు. అంత చిన్న నగలో మజూరి, తరుగు పాలు కూడా ఎక్కువ పడుతుంది. బంగారమే ఇవ్వాలనుకుంటే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి రెండు గ్రాములు దాటిన వస్తువు, 916 గుర్తు, హెచ్‌యూఐడీ చూసి కొనండి. వెండి పట్టీలైతే మువ్వలు లేనివి. మువ్వ ఊడితే ఏమవుతుందో గొట్టం చెబుతుంది. నూటపదహార్లో, వెయ్యినూటపదహార్లో కవర్లో పెట్టి చదివించడం మర్యాదకి తక్కువేమీ కాదు, ఆ ఇంటివాళ్ళకి ఏది అవసరమో వాళ్ళకే బాగా తెలుసు.

చివరగా ఇచ్చే పద్ధతి. చుట్టిన కాగితం, థర్మోకోల్, ప్లాస్టిక్ సంచి బిడ్డ ముందు విప్పకండి. బిల్లు లోపల పెట్టండి, మార్చుకోవలసి వస్తే మొహమాటం లేకుండా మార్చుకుంటారు. ఇంట్లో నాలుగైదేళ్ళ అక్కో అన్నో ఉంటే వాళ్ళకీ చిన్నది ఒకటి పట్టుకెళ్ళండి, లేకపోతే చెల్లి బొమ్మ ఆ సాయంత్రమే వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. లక్కబొమ్మ ఇస్తున్నట్టయితే ఒక చీటీ రాసి డబ్బాలో పెట్టండి: "తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. నీళ్ళలో నానబెట్టొద్దు, కర్ర ఉబ్బి లక్క పగులుతుంది. ఎండలో ఆపిన కారులో వదలొద్దు, లక్క మెత్తబడుతుంది. శానిటైజర్ అస్సలు వద్దు. అందులోని ఆల్కహాల్‌కి లక్క కరిగి జిగురవుతుంది."